ఆకు రాల్చే చినగోరంట: బెంగళూరు మేడ మీద పెంచుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

నా మొదటి చినగోరంట డిసెంబరులో ఆకులన్నీ రాల్చేసి వట్టి పుల్లలా నిలబడింది. ఎండిపోతోందని భయపడి రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. జనవరి ఆఖరుకల్లా కుండీలోంచి కుళ్లు వాసన మొదలైంది. అదే వారం మదనపల్లె నుంచి వచ్చిన మా అత్తమ్మ ఆ మొక్క దగ్గర కూర్చుని, పైకొమ్మ మీద బొటనవేలి గోరుతో సన్నగా గీకారు. బెరడు కింద లేత పచ్చదనం కనిపించింది. "కొమ్మకు ఇంకా ప్రాణముంది, పోయినవి వేళ్లు. నిద్రపోయేదానికి ఇన్ని నీళ్లెందుకమ్మా?" అన్నారు. కుండీ బోర్లిస్తే వేళ్లు నల్లగా, మెత్తగా చేతికి అంటుకున్నాయి.

ఆ తరువాత తెచ్చుకున్న మూడు మొక్కలు నాలుగేళ్లుగా రామమూర్తినగర్‌లోని మా మేడ మీద ఏటా ఆకు రాలుస్తున్నాయి, ఏటా పూస్తున్నాయి. ఆకు రాల్చే పొదలు మనకు పెద్దగా అలవాటు లేవు. మందారం, నందివర్ధనం, గన్నేరు లాంటివి ఏడాదంతా పచ్చగా ఉంటాయి కాబట్టి, బోడిగా నిలబడ్డ మొక్కను చూడగానే చేయి నీళ్ల మగ్గు మీదకు పోతుంది. అందుకే నాకు తెలిసిందంతా వివరంగా రాస్తున్నాను.

ముందు మొక్కను గుర్తుపట్టండి

చినగోరంట అసలు పేరు లాజెర్‌స్ట్రీమియా ఇండికా. నర్సరీల్లో క్రేప్ మర్టిల్ అంటారు, ఉత్తరాదివాళ్లు సావనీ అంటారు. గోరింటాకు, దానిమ్మ, ఇది ఒకే కుటుంబం. లిన్నేయస్ 1759లో ఈ జాతికి తన స్నేహితుడు మాగ్నస్ ఫన్ లాగెర్‌స్ట్రోమ్ పేరు పెట్టాడు. ఆయన స్వీడన్ ఈస్టిండియా కంపెనీలో డైరెక్టరు, తూర్పు దేశాల మొక్కలు తెప్పించి లిన్నేయస్‌కు ఇచ్చేవాడు.

కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. లాజెర్‌స్ట్రీమియా అని అడిగితే కొన్నిచోట్ల దీని పెద్దక్కను చేతిలో పెడతారు. దాన్ని మనం వరగోగు అంటాం, కన్నడిగులు హొళె దాసవాళ అంటారు. ఎండాకాలంలో బెంగళూరు రోడ్ల పక్కన ఊదా రంగులో విరగబూసే చెట్టు అదే. చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ అది వీధిలో పెరగాల్సిన పెద్ద చెట్టు, కుండీలో ఇమడదు. తేడా ఆకులో తెలిసిపోతుంది. వరగోగు ఆకు అరచేతిని దాటి పొడవుంటుంది. చినగోరంట ఆకు మన చూపుడువేలు కంటే పొట్టిగా, కొంచెం గుండ్రంగా, దాదాపు కాడ లేకుండా కొమ్మకు అంటుకుని ఉంటుంది.

చినగోరంటలోనూ మామూలు రకాలు పదిహేను, ఇరవై అడుగుల దాకా పెరుగుతాయి. ఇంటికి కావలసింది మూడు నాలుగు అడుగుల్లో ఆగే పొట్టి రకం. "డ్వార్ఫ్" అని చీటీ కట్టినంత మాత్రాన నమ్మకండి. పొట్టి రకంలో కణుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి, నేల దగ్గరి నుంచే నాలుగైదు కొమ్మలు వస్తాయి. ఒకే కాండం నిటారుగా మూడడుగులు పోయి ఉంటే వదిలేయండి.

లాల్‌బాగ్ పక్కన సిద్దాపుర నర్సరీల్లో తీరిగ్గా తిరిగి చూసుకుంటే మంచిది. జూన్, జూలై నెలల్లో వెళ్తే పువ్వు రంగు కళ్లతో చూసి తెచ్చుకోవచ్చు. తెలుపు, గులాబీ, ముదురు గులాబీ, లేత ఊదా రంగులు దొరుకుతాయి. కవరు అడుగు నుంచి వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటికి వచ్చినవి, లేత ఆకుల మీద తెల్లటి పొడి ఉన్నవి వద్దు.

ఎండ: అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది

ఈ మొక్కకు రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. మూడు గంటల ఎండలో ఆకు వస్తుంది, పువ్వు రాదు, పైగా తెగులు వస్తుంది. ఇక్కడ రాజీ పడే వీలు లేదు.

అపార్ట్‌మెంట్లలో చాలామంది దక్షిణం బాల్కనీ ఉంది కదా, ఎండకు కొదవలేదు అనుకుంటారు. చలికాలంలో చూసి అలా అనుకోవడం సహజమే. కానీ బెంగళూరు దాదాపు పదమూడు డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జీరో షాడో డే అని పిల్లలు కర్ర పాతి నీడ మాయమవడం చూసే రోజు అదే. అక్కడినుంచి ఆగస్టు 18 ప్రాంతం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే మే, జూన్, జూలైలలో దక్షిణం బాల్కనీలో పై అంతస్తు స్లాబు నీడే ఉంటుంది. చినగోరంట మొగ్గ వేసి పూసేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఎండ పుష్కలంగా పడే డిసెంబరు, జనవరిలలోనేమో దానికి ఆకే ఉండదు.

కాబట్టి మేడ మీద పెట్టగలిగితే అదే మొదటి ఎంపిక. ఆ తరువాత పడమర బాల్కనీ, అడ్డం లేని తూర్పు బాల్కనీ. దక్షిణం బాల్కనీ ఒక్కటే ఉంటే కుండీని రెయిలింగు అంచు దాకా జరిపి, మే నెలలో ఒక ఆదివారం గంట గంటకూ ఎండ ఎక్కడ పడుతోందో చూసి అప్పుడు కొనండి. ఇంటి ముందు నేల ఉన్నవాళ్లు గోడకు మూడడుగుల దూరంలో, గాలి ఆడేచోట నాటుకోవచ్చు.

కుండీ, మట్టి

పద్నాలుగు అంగుళాల కుండీతో మొదలుపెట్టండి. సిమెంటుదైనా మట్టిదైనా ప్లాస్టిక్‌దైనా సరే, అడుగున కనీసం నాలుగు రంధ్రాలు ఉండాలి. తడిసిన మట్టితో ఇది 30 కిలోలు దాటుతుంది కాబట్టి మేడ మీద స్లాబు మధ్యలో కాకుండా దూలం లేదా గోడ మీదుగా పెట్టండి. కింద రెండు ఇటుకలు ఉంటే నీళ్లు సులువుగా పోతాయి.

మట్టి మిశ్రమం నేను కలుపుకునేది ఇదీ: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, పైన రెండు గుప్పెళ్ల వేపపిండి. ఇక్కడ దొరికేది ఎక్కువగా ఎం-శాండ్, అంటే రాళ్లను పిండి చేసి తయారుచేసే ఇసుక. అందులో రాతి పొడి ఉంటుంది, బకెట్లో వేసి రెండుసార్లు కడిగి వాడండి. లేకపోతే ఆ పొడి మట్టిలో కలిసి అట్ట కట్టేస్తుంది. కొబ్బరి పొట్టు మేడ మీద ఎండకు పనికొస్తుంది కానీ ఎక్కువ వేయకండి. ఆకు లేని నెలల్లో అది పట్టి ఉంచే తడే వేళ్లను కుళ్లబెడుతుంది.

ఈ మొక్కకు కాస్త పులుపు స్వభావం ఉన్న మట్టి నచ్చుతుంది. మట్టి కలిపేటప్పుడు సున్నం, బూడిద వేయకండి.

నాటడం మామూలే. సాయంత్రం పూట కవరు చించి, వేరు ముద్ద అంచుల్లో చుట్టుకున్న వేళ్లను చేత్తో వదులు చేసి, కవరులో ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టండి. కాండం మొదలు మట్టిలో పూడకూడదు. కుండీ అంచుకు రెండు అంగుళాలు కిందికి మట్టి నింపి, అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయండి. వారం రోజులు మధ్యాహ్నపు ఎండ తగలకుండా ఉంచి, తరువాత అసలు చోటికి మార్చండి.

నీళ్లు

మార్చి నుంచి మే దాకా మేడ మీద కుండీకి రోజూ ఉదయం ఒకసారి, అడుగు నుంచి కొంచెం కారేదాకా పోయాలి. వానాకాలంలో వేలు రెండు కణుపుల లోతు దింపి చూడండి. పొడిగా తగిలితేనే పోయండి. ఆకులు తడపకుండా మొక్క మొదలు దగ్గర పోయడం మంచిది. నేలలో నాటిన మొక్క రెండో ఏడాది నుంచి చాలావరకు తన దారి తానే చూసుకుంటుంది.

ఈ ఊళ్లో నీళ్ల సంగతి తేలిగ్గా రాయడానికి లేదు. 2024 మార్చిలో కరవు ముదిరినప్పుడు తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఆ ఎండాకాలం మా ఇంట్లో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లతోనే మూడు కుండీలూ గట్టెక్కాయి. చినగోరంట ఒక రోజు దాహం తట్టుకుంటుంది. ఆకు వాలినా సాయంత్రం పోస్తే మళ్లీ లేస్తుంది. ఆర్ఓ మెషీన్ వదిలేసే నీళ్లు మాత్రం ఒక్కటే రోజూ పోయకండి, అందులో ఉప్పులు పేరుకుని ఉంటాయి. వాడక తప్పకపోతే సగం మామూలు నీళ్లు కలపండి.

బోరు నీళ్లతో ఇంకో ఇబ్బంది. బకెట్ అంచున తెల్లగా పేరుకునే సున్నమే కుండీ మట్టిలోనూ పేరుకుంటుంది. కొన్నాళ్లకు కొత్త ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. అది ఇనుము అందకపోవడం. ఎరువు చాలడం లేదనుకుని ఇంకా ఎరువు వేస్తే లాభం లేదు. చిలేటెడ్ ఐరన్ (మొక్క సులువుగా తీసుకోగలిగే ఇనుము) పొడి తెచ్చి, ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. వానలు పడ్డప్పుడు కుండీని వానలో తడవనివ్వండి. రెండు గట్టి వానలు పేరుకున్న ఉప్పును చాలావరకు కడిగేస్తాయి.

ఎరువు

తక్కువే మేలు. చిగురు వేసే ఫిబ్రవరిలో ఒకసారి, మొదటి విడత పూత కత్తిరించాక ఒకసారి, రెండేసి గుప్పెళ్ల వర్మీ కంపోస్టు, చారెడు ఎముకల పొడి పైమట్టిలో కలిపి నీళ్లు పోస్తే చాలు. యూరియా జోలికి పోకండి. నత్రజని ఎక్కువైతే కొమ్మలు పొడుగ్గా సాగి, ఆకు మెత్తబడి, పేనుబంకను పిలిచి మరీ తెచ్చుకుంటుంది, పువ్వు తగ్గిపోతుంది. సెప్టెంబరు తరువాత ఏ ఎరువూ వద్దు. మొక్క నిద్రకు సిద్ధమయ్యే వేళ కొత్త చిగురు వేయించకూడదు.

పూత

మే నెలలో కొమ్మల చివర్లలో మిరియాల్లాంటి మొగ్గలు గుత్తులుగా వస్తాయి. ఒక పువ్వును కోసి అరచేతిలో పెట్టుకుని చూడండి. ఆరు రేకులుంటాయి. ఒక్కో రేక మొదట్లో దారంలా సన్నటి కాడ, దాని చివర నలిపి విప్పిన క్రేప్ కాగితంలా ముడతల విసనకర్ర. క్రేప్ అనే పేరు అందుకే వచ్చింది. మధ్యలో పసుపు కేసరాలు కుచ్చులా నిలబడి ఉంటాయి. వాటి చుట్టూ ఇంకో ఆరు కేసరాలు పొడుగ్గా, లోపలికి వంగి ఉంటాయి. ఈ పువ్వులో తేనె ఉండదు. తేనెటీగ పసుపు పుప్పొడి కోసం మధ్యలో వాలుతుంది. అది తింటుండగా బయటి ఆరు కేసరాలు దాని వీపుకు వేరే పుప్పొడి పూస్తాయి, ఆ పుప్పొడే ఇంకో పువ్వుకు చేరుతుంది. జూన్ ఉదయాల్లో ఏడు గంటలకు కాఫీ గ్లాసుతో వెళ్లి కూర్చుంటే ఇదంతా అడుగు దూరంలో కనిపిస్తుంది.

రేకులు రాలి పచ్చటి కాయలు కట్టడం మొదలవగానే ఆ గుత్తిని, దాని కింది మొదటి జత ఆకుల పైదాకా కత్తిరించేయండి. కాయ ముదరనిస్తే మొక్క బలమంతా విత్తనానికి పోతుంది. కత్తిరిస్తే ఆ ఆకుల మొదళ్ల నుంచి కొత్త చిగుళ్లు వచ్చి, సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ పూస్తుంది. మాకు రెండో విడత శ్రావణ మాసంలో, వరలక్ష్మీ వ్రతం రోజుల్లో వస్తుంది. మూడో విడత దసరాకు కొద్దిగా. ఆ చివరి విడతను కత్తిరించకుండా వదిలేయండి.

తెగుళ్లు, పురుగులు

బెంగళూరు చల్లదనంలో దీనికి అసలు శత్రువు బూడిద తెగులు. జూలై నుంచి మబ్బు పట్టి, జల్లులు తక్కువై, గాలిలో తేమ నిలిచినప్పుడు లేత ఆకుల మీద, మొగ్గల మీద గోధుమపిండి చల్లినట్టు వస్తుంది. ఆకు మెలితిరుగుతుంది, మొగ్గ విచ్చుకోకుండానే ఎండిపోతుంది. మొదటి పని మందు కాదు. తెగులు పట్టిన చివర్లు కత్తిరించి చెత్త సంచిలో వేయండి, కంపోస్టులో వేయొద్దు. పొద లోపలి సన్న కొమ్మలు నాలుగు తీసేసి గాలి ఆడనివ్వండి. కుండీని పక్క కుండీల నుంచి జరపండి. సగం సార్లు దీంతోనే ఆగుతుంది. ఆగకపోతే నీళ్లలో కలిసే గంధకం పొడి, 80 శాతం రకం, లీటరు నీళ్లకు రెండు గ్రాములు కలిపి చల్లటి పూట పిచికారీ చేయండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపల గంధకం కొట్టకూడదు, ఆకు మాడిపోతుంది.

రెండోది పేనుబంక. ఆకుల కింద గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. ఆకు జిగురుగా తగులుతుంది, చీమలు బారు కడతాయి, తరువాత ఆ జిగురు మీద మసి పట్టినట్టు నల్లటి పొర వస్తుంది. నల్లపొరను చూసి కంగారుపడి తెగులు మందులు కొట్టకండి, పేనుబంక పోతే అదీ పోతుంది. పైపుతో ఆకుల కింద గట్టిగా నీళ్లు కొట్టడం, లేదా లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయడం సరిపోతుంది. ముందు ఒకసారి చుట్టూ చూడండి. అక్షింతల పురుగులు కనిపిస్తే మూడు రోజులు ఏమీ చేయకుండా ఆగండి. వాటి పిల్లలు చిన్న మొసళ్లలా నల్లగా ఉంటాయి, పురుగనుకుని నలిపేయకండి, అవే పేనుబంకను తినేస్తాయి.

ఆకు రాలే కాలం

కార్తీకం వెళ్లేసరికి ఆకుల్లో పసుపు, రాగి, అక్కడక్కడా ఎరుపు కనిపిస్తాయి. మార్గశిరంలో రాలడం మొదలవుతుంది. మన చలి తేలికైనది కాబట్టి కొన్ని మొక్కలు పూర్తిగా బోడి అవుతాయి, కొన్ని సగం ఆకులతోనే చలికాలం గడిపేస్తాయి. రెండూ ఆరోగ్యమే.

ఆకు లేని డిసెంబరు, జనవరి నెలల్లో వారానికో పదిరోజులకో ఒకసారి, మట్టి లోపల కూడా ఆరిందని చూసుకుని, మామూలులో సగం నీళ్లు పోయండి. ఎరువు వద్దు. ఎండలోంచి నీడలోకి మార్చొద్దు. ప్రాణం ఉందా లేదా అని అనుమానం వస్తే గోరు పరీక్ష చేయండి: పెన్సిలంత కొమ్మ మీద బెరడును గోరుతో అరంగుళం గీకితే, కింద తడిగా పచ్చగా ఉంటే బతికున్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి వచ్చి మళ్లీ గీకండి. చివర ఎండినా మొదలు బతికి ఉండొచ్చు. నేల దాకా పొడిగానే ఉన్నా సరే, మార్చి దాటేదాకా పారేయకండి, వేరు నుంచి పిలకలు వచ్చే అవకాశం ఉంది.

కత్తిరింపు

సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి వచ్చిన వారంలో ఈ పని పెట్టుకోండి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా, అప్పటికి కొత్త చిగురు కదులుతుంది. అంతకు ముందే కత్తెర పని అయిపోవాలి. చినగోరంట పూసేది ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మల చివరే కాబట్టి ఆకు లేనప్పుడు కత్తిరిస్తే ఒక్క పువ్వూ పోదు.

కత్తెరను డెట్టాల్ నీళ్లతోనో స్పిరిట్‌తోనో తుడిచి మొదలుపెట్టండి. మొదట ఎండినవి తీసేయండి. తరువాత ఒకదానికొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది, పొద లోపలికి తిరిగి పెరిగేవి. నేల దగ్గర మొలిచిన పిలకల్లో పొదకు నిండుదనం ఇచ్చే ఒకటి రెండు ఉంచి, మిగతావి మొదలంటా కోసేయండి. ఇప్పుడు రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. చివరగా పెన్సిలు కంటే సన్నగా ఉన్న కొసలను మూడోవంతు తగ్గించండి. బయటికి చూసే కణుపుకు పావంగుళం పైన, కొంచెం ఏటవాలుగా కోత ఉండాలి.

లావు కొమ్మలను అడ్డంగా సగానికి నరికేయడం మాత్రం వద్దు. అపార్ట్‌మెంట్లలో మాలీలు చాలాసార్లు అలాగే చేస్తారు. నరికినచోట ఏటా కణితిలా బుడిపె కడుతుంది, దాని నుంచి చీపురు పుల్లల్లా పొడవాటి మెత్తటి కొమ్మలు వస్తాయి, వానకు తడిసిన పూల గుత్తి బరువు మోయలేక నేలకు వాలిపోతాయి. అమెరికా తోటమాలులు ఈ నరుకుడుకు క్రేప్ మర్డర్ అని పేరు పెట్టుకున్నారు. మొక్క ఎత్తు ఎక్కువైందని ఏటా నరకాల్సి వస్తోందంటే అది పొట్టి రకం కాదని అర్థం, దానికి నేల చూపించండి.

రెండేళ్లకోసారి ఇదే సమయంలో మొక్కను కుండీలోంచి తీసి, వేరు ముద్ద చుట్టూ రెండు అంగుళాల మందాన చెక్కేసి, కొత్త మట్టితో అదే కుండీలో మళ్లీ పెట్టుకోవచ్చు.

కోసిన కొమ్మలతో కొత్త మొక్కలు

కత్తిరించిన వాటిలో పెన్సిలంత లావున్న పుల్లలు ఏరి ఆరంగుళాల ముక్కలు చేయండి. కింది కోతను కణుపు కిందుగా ఏటవాలుగా, పై కోతను సమంగా కోస్తే ఏది కిందో ఏది పైనో తికమక ఉండదు. ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం కలిపిన చిన్న కుండీలో మూడింట రెండు వంతులు దిగేలా గుచ్చి, వెలుతురున్న నీడలో ఉంచి, తడి ఆరకుండా చూడండి. శివరాత్రికి కొన్నిటి మీద ఎర్రటి చిగురు కనిపిస్తుంది. చిగురు వచ్చిందని వెంటనే పీకి చూడకండి, కొమ్మలో ఉన్న బలంతోనే ముందు ఆకు వస్తుంది, వేరు ఆ తరువాత. ఉగాది దాటాక ముక్కను మెల్లగా లాగితే పట్టి ఉంటే వేరు వచ్చినట్టు. వానలు మొదలయ్యాక విడి కవర్లలోకి మార్చండి.

కిందటేడు నావి పదింటిలో ఆరు నిలిచాయి. రెండు పక్కింటి కన్నడ ఆంటీకి, ఒకటి మదనపల్లెకు వెళ్లాయి. ఇచ్చేటప్పుడు కవరుకు ఒక చీటీ కట్టాను: "డిసెంబరులో ఆకు రాలుస్తుంది. నీళ్లు తగ్గించండి, పీకేయకండి. ఫిబ్రవరి దాకా ఆగండి."